బొక్కలు కరిగే రోగం

మొన్న మా సత్తెమ్మత్త వంటింటి గడప దగ్గర జారిపడింది. మా నాయినకు చెల్లెలు ఆమె. అరవై దాటాయి. చెయ్యి విరిగిందేమోనన్న భయంతో మేడ్చల్‌లో ఎక్స్‌రే తీయించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు ఆ నల్లటి ఫిల్మును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "బెణికింది, అంతే. ఈ వయసులో ఇంత గట్టి ఎముకలు చాలా తక్కువమందికి ఉంటాయమ్మా" అన్నాడు. అత్త ఒకసారి నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, బెణికిన చెయ్యి నొప్పి పుట్టేదాకా నవ్వింది. తనేమన్నా తప్పు మాట్లాడాడేమోనని పాపం ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. "ఏం లేదు సార్, పాత సంగతొకటి" అని సర్దిచెప్పి బయటికి తీసుకొచ్చాను. ఆటోలో ఇంటికి వస్తూ అత్త, "గట్టిగున్నయంటనే నా బొక్కలు" అని రెండుసార్లు అంది. రెండోసారి అన్నప్పుడు ఆమె నవ్వలేదు.

బొక్కలంటే మా వైపు ఎముకలు. కోస్తా జిల్లాల వాళ్ళకు బొక్కంటే కన్నం. ఈ తేడా నాకు పన్నెండేళ్ళు నిండేదాకా తెలియదు. తెలిసిన రోజు మాత్రం నా బతుకులో చాలా పెద్ద రోజు.

మాది మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఒక చిన్న ఊరు. ఇప్పుడు విల్లాలు లేచిన చోటంతా అప్పట్లో ద్రాక్ష తోటలు. నాయిన ఒక తోటలో మేస్త్రి. తెగుళ్ళు రాకుండా పెద్ద డ్రమ్ముల్లో మైలుతుత్తం, సున్నం కలిపి పందిళ్ళ మీద కొట్టేవాళ్ళు. ఆ రోజుల్లో నాయిన ఇంటికొస్తే చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఎంత సబ్బు రుద్దినా ఆ రంగు పోయేది కాదు, ఆ చేతులతోనే అన్నం కలుపుకొని తినేవాడు. మా ఇంట్లో ప్రతి గుడ్డకూ ఆ మందు వాసన, పండిన ద్రాక్ష పులుపు వాసన కలిసి ఉండేవి. సత్తెమ్మత్త దేవరయాంజాల్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చి అదే తోటలో గుత్తులు కోసి, పుచ్చులు ఏరి, బుట్టల్లో సర్దేది. బుట్ట అడుగున పరిచే పాత పేపర్లు ముందు తను చదివి గానీ వెయ్యదు. మిగతా ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "ఆగండే, గీ ముక్క అయిపోనియ్యుండి" అని అత్త సగం చిరిగిన వార్తను కూడా చివరిదాకా చదివేది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి అంత ఇష్టంగా ఎందుకు చదువుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. పెద్దవాళ్ళు పుట్టుకతోనే పెద్దవాళ్ళని ఆ వయసులో నమ్మకం.

మా ఇంట్లో ఒంటికి సంబంధించిన విషయాలన్నిటికీ అవ్వదే తీర్పు. నాయినమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. పొద్దున లేచి ముఖం కడుక్కోగానే అరుగు మీద కూర్చుని బొడ్లోంచి చిన్న సంచి తీసేది. ఆకు ఈనె తీసి, రేకు డబ్బీలోంచి సున్నం చూపుడు వేలితో రాసి, వక్క పెట్టి మడిచి బుగ్గన పెట్టుకున్నాకే మాట బయటికొచ్చేది. ఎదిగే ఆడపిల్ల నువ్వులుండలు తినాలి, బొప్పాయి ముట్టుకోవద్దు, చెట్లెక్కొద్దు, కాళ్ళు చాపుకుని కూర్చోవద్దు. ఎందుకని అడిగితే "గంతే" అనేది. ఆ "గంతే"కి మా నాయిన కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఇక మా అమ్మ సంగతి చెప్పేదేముంది. అవ్వ దుర్మార్గురాలు కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా కాళ్ళు పిసికిన మనిషి. ఆమెకు ఎవరో చెప్పింది ఆమె మాకు చెప్పింది, అంతే.

ఆ ఏడు నేను ఏడో తరగతి. ద్రాక్ష కోతలు నడుస్తున్నాయి. ఒక సాయంత్రం అరుగు మీద అవ్వ, పక్కింటామె మాట్లాడుకుంటున్నారు. అత్త తోట నుంచి ఇంటికి పోతూ కాసేపు ఆగి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను లోపల తలుపు చాటున లెక్కలు చేసుకుంటున్నాను. పక్కింటామె కూతురికి ఏదో బాగాలేదట. అవ్వ గొంతు తగ్గించి చెప్పింది. "మా సత్తెమ్మకు గూడ గిదే వయసుల తెల్లబట్ట అయింది. బొక్కలు కరిగి గట్ల వోతయంట. పెండ్లి జెయ్యక ఇంట్ల ఉంచుకుంటె దక్కదన్నరు. బడి మాన్పిచ్చిన. ఆర్నెల్లు కదలనియ్యలే, పాలు వోసి పండవెట్టిన. జల్దిన పెండ్లి జేసి వంపిన." అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, చీకటి పడుతోందని లేచి వెళ్ళిపోయింది.

తెల్లబట్ట అన్న మాట నేను అంతకుముందు చదివాను. బస్టాపు ఎదురుగా గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉండేది. మూలశంక, నరాల బలహీనత, తెల్లబట్ట, శాశ్వత నివారణ, ప్రతి మంగళవారం ఫలానా లాడ్జిలో డాక్టరు గారిని కలవండి అని. తెల్లబట్ట అంటే శవం మీద కప్పేదనే అనుకునేదాన్ని. దానికి నివారణేమిటో, డాక్టరు లాడ్జిలో ఎందుకుంటాడో అర్థమయ్యేది కాదు. అవ్వ మాటలు విన్నాక రెండూ కలిశాయి. అదొక రోగం, ఆడపిల్లలకే వస్తుంది, బొక్కలు కరిగి తెల్లగా బయటికి పోతాయి, చివరికి ఆ బట్ట కప్పుతారు. పన్నెండేళ్ళ బుర్రకు అంతకంటే స్పష్టంగా ఏ పాఠమూ ఎక్కలేదు.

పక్షం రోజులు తిరగకుండానే నా లోపలి బట్ట మీద తెల్లటి తడి మరక కనిపించింది. మర్నాడు కూడా. ఆ వయసులో ఆడపిల్లలందరికీ ఒళ్ళు మారుతుంటే, పెద్దమనిషి కావడానికి కొన్ని నెలల ముందు నుంచే అలా అవుతుందని, అది రోగం కాదని నాకు చెప్పినవాళ్ళు లేరు. స్నానాల దడి వెనక నిలబడి నా ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని నొక్కి చూసుకున్నాను. మెత్తబడిందనిపించింది. నిజంగానే అనిపించింది. భయం మనిషిచేత ఏదైనా నమ్మిస్తుంది. బళ్ళో అందరికంటే వేగంగా పరిగెత్తేదాన్ని. మర్నాటి నుంచి కాళ్ళు విరుగుతాయని మెల్లగా నడిచాను. ఇంటర్‌వెల్‌లో గోడ పక్కన కూర్చునేదాన్ని. స్నేహితురాళ్ళు ఆటకు పిలిస్తే కడుపునొప్పని చెప్పేదాన్ని.

చచ్చిపోతానన్న భయం ఒక ఎత్తు. ఇంట్లో తెలిస్తే బడి మాన్పిస్తారన్న భయం దానికంటే పెద్దది. మా ఊళ్ళో బడి ఏడుతో ఆఖరు. ఎనిమిదికి మేడ్చల్ హైస్కూలుకు పోవాలి. ఆడపిల్లను అంతదూరం పంపాలా వద్దా అని అప్పటికే ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. నాయిన పంపుదామంటాడు, అవ్వ చూద్దామంటుంది. నా రోగం సంగతి బయటపడితే ఇక చూసేదేమీ ఉండదు. చెబితే బడి పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. రెండిట్లో ఏది నయమో తేల్చుకోలేక చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

దారి సైన్సు సారు చూపించాడు, ఆయనకు తెలియకుండానే. పరీక్షల ముందు పాఠాలు మళ్ళీ చెబుతూ, ఎముకల గట్టితనమంతా వాటిలో ఉన్న సున్నం వల్లనే అన్నాడు. నేను నోట్సులో ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను. కరిగేదాన్ని నింపుకుంటే సరిపోతుంది. సున్నం మా ఇంట్లోనే ఉంది. అవ్వ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు సంచిలోంచి రేకు డబ్బీ తీసి వేలి కొసతో కాస్త తీసుకుని నాలుక మీద రాసుకునేదాన్ని. చుర్రుమనేది. మందంటే మంటే కదా అని ఓర్చుకుని, పైన నీళ్ళు తాగేదాన్ని. రోజుకు ఒకసారి, తర్వాత రెండుసార్లు. నాలుక మీద పొరలు లేచాయి. కూరలో కారం తగిలితే కళ్ళ నీళ్ళు వచ్చేవి. అయినా పనిచేస్తోందనే అనుకున్నాను.

డబ్బీ ఖాళీ అవుతోందని అవ్వ కనిపెట్టింది. అనుమానం నేరుగా అమ్మ మీదికి పోయింది. "ఆకులు తినాల్నని ఉంటె అడిగి తిను. దొంగతనంగ ఏంది?" అంది. అమ్మ బిత్తరపోయింది. "నీ సున్నం నాకెందుకత్తా? నేనెన్నడన్న ఆకు తిన్ననా?" అంది. "మరి సున్నానికి కాళ్ళొచ్చినయా?" అని అవ్వ. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూలన కూర్చుని పుస్తకం మీదికి వంగి నేను విన్నాను. నా వల్ల అమ్మ దొంగ అయింది. అయినా నోరు విప్పలేదు. అమ్మకు ఈ ముక్క చెప్పి క్షమాపణ అడిగింది నా పెళ్ళయ్యాకే.

పరీక్షలు ఇంకా మూడు రోజులున్నాయనగా కంగారెక్కువై పెద్ద ముద్ద తిన్నాను. ఆ మంటకు నేను అరవడంతో సంగతి బయటపడింది. అవ్వ లేచి, నా నోరు తెరిచి చూసి, పెదవులు పగిలి నాలుక తెల్లగా ఉడికినట్టు ఉండటం చూసి నీళ్ళు పుక్కిలించమని చెంబు అందించింది. "ఎందుకు తిన్నవే?" అని కొట్టబోయి ఆగింది. ఇక దాచే ఓపిక లేదు. "నాకు తెల్లబట్ట అయితాందవ్వా. బొక్కలు కరుగుతున్నయి" అని చెప్పేశాను. అవ్వ నా చేతిలో చెంబు తీసుకుని కింద పెట్టింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. మెల్లగా, "బయపడకు బిడ్డా. ఇగ బడికి వద్దు. పరీచ్చలు గిరీచ్చలు ఏం లేవు. పాలు తాగి పండుకో. నేనున్న" అంది. అంత ప్రేమగా నా బడి మాన్పించింది అవ్వ. నేను ఆమె చీరలో ముఖం దాచుకుని ఏడ్చాను. పుండ్ల కోసం ఏడుస్తున్నాననుకుంది.

మర్నాడు అవ్వ నన్ను కాలిన నోటికి మందు కోసం కండ్లకోయ దిక్కు తీసుకెళ్ళింది. అక్కడ కొత్తగా లేచిన ఇళ్ళల్లో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేది. పట్నంలో పెద్దాసుపత్రిలో డ్యూటీ. సెలవు రోజు చుట్టుపక్కల ఆడవాళ్ళను ఇంట్లోనే చూసేది, ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. అందరికీ ఆమె సిస్టరమ్మ. గోడకు శిలువ, కిటికీకి ఉతికిన తెరలు, ఇల్లంతా డెట్టాల్ వాసన. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టార్చి లైటు తీసింది.

"ఏం తిన్నావమ్మా?"

"సున్నం."

"సున్నమా? ఎందుకు తిన్నావురా తల్లీ?"

"బొక్కలకు" అన్నాను.

ఆమె టార్చి దగ్గరికి తెచ్చి, పైవరుసా కిందివరుసా ఒక్కో పన్నూ చూసింది. చూసి అవ్వ వైపు తిరిగి, "ఒక్క బొక్క కూడా లేదు మామ్మగారూ" అంది సంతోషంగా.

అవ్వ నేల మీద కూలబడింది. "ఒక్కటి గూడ మిగల్లేదా సిస్టరమ్మా" అని గుండెల మీద కొట్టుకుంది.

సిస్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైనంతలో నేను అప్పటికే చచ్చిపోయి ఉండాలి, మరి స్టూలు మీద ఎలా కూర్చున్నానో తెలియలేదు. "ఏడుస్తారెందుకు? పళ్ళన్నీ బావున్నాయంటున్నాను కదా" అని ఆమె, "పండ్లు గాదమ్మా, బొక్కలు" అని అవ్వ. చివరికి అవ్వ నా మోచేయి పట్టుకుని చూపించింది. "ఇగో, గీ బొక్క." "ఎముకా?" అని సిస్టరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయింది. "మా వైపు బొక్కంటే కన్నమండీ. పళ్ళకు పుచ్చులున్నాయేమోనని చూశాను." నవ్వడం అయ్యాక, "అయినా ఎముకలకేమైంది?" అని అడిగింది. అవ్వ దగ్గరికి జరిగి చెవిలో చెప్పింది. సిస్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

ఆమె అవ్వను పక్కన కూర్చోబెట్టింది. నన్ను బయటికి పంపలేదు. "నువ్వే వినాలి" అంది. నాతో అలాంటి విషయం నా ముఖం చూస్తూ మాట్లాడిన మొదటి మనిషి ఆమె. నోట్లో ఉమ్మి ఊరినట్టే ఆడవాళ్ళ ఒంట్లో ఆ తడి ఊరుతుందని, ఒంటిని శుభ్రంగా ఉంచుకోవడానికి ఒళ్ళు చేసుకునే పనే అదని చెప్పింది. పెద్దమనిషి అయ్యేముందూ, అయ్యాకా మామూలేనట. దురద పుట్టినా, చెడు వాసన వచ్చినా, రంగు మారినా, నొప్పున్నా డాక్టరుకు చూపించాలి. అవేమన్నా ఉన్నాయా అని అడిగి, నేను లేవంటే తలూపింది. ఇంకొన్నాళ్ళకు నెలసరి మొదలవుతుందని, రక్తం చూసి హడలిపోవద్దని, బట్టలు ఎండలో ఆరేసుకోవాలని, నీడలో దాచి ఆరేస్తేనే రోగాలొస్తాయని చెప్పింది. "ఎముకలకూ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. సున్నం మాత్రం ముట్టుకోకు. పాలు తాగు, ఆడుకో."

"కరగయా?" అంది అవ్వ.

"కరగవు మామ్మగారూ."

"ఎవ్వలకు గూడ?"

"ఎవరికీ కరగవు."

"బడికి పోవచ్చునా?"

"పరిగెత్తుకుంటూ పోవచ్చు."

అవ్వ నోటికి పూసే మందు కొంగున ముడేసుకుంది. బయటికొచ్చాక మా ఇంటి దారి పట్టకుండా తోట వైపు తిరిగింది. ఎండ మండిపోతోంది. అన్నేళ్ళలో అవ్వ అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

అత్త పందిరి కింద బుట్టల మధ్య కూర్చుని ఉంది. మిగతావాళ్ళు అన్నాలకు పోయారు. అవ్వ ఆమె ఎదురుగా కూర్చుని, ఊపిరి కూడా తీసుకోకుండా, "గది రోగం గాదంట బిడ్డా. బొక్కలు కరగయంట. అందరాడోళ్ళకు అయితదంట" అంది. అత్త చేతిలో గుత్తి అలాగే ఉంది. ఏ సంగతో ఎవరూ విడమర్చి చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

"ఎవరు జెప్పిండ్రు?"

"సిస్టరమ్మ. పెద్దాసుపత్రిల జేస్తది." అవ్వ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నాకు తెల్వదు బిడ్డా. నాకెవ్వలు జెప్పలే."

"నాకు నువ్వు జెప్పినవ్ గదనే అమ్మా" అంది అత్త. అరవలేదు. "పదమూడేండ్లప్పుడు మంచంల వండి చేతులు పిసుక్కుంట చూసుకున్న. ఇయ్యాల కరిగినయా, రేపు కరుగుతయా అని. పెండ్లయి పిల్లలయినంక గూడ చూసుకున్న. నాకంటె ఎనకున్నోళ్ళు పదో తరగతి పాసై పోతాంటె గా దర్వాజలకెల్లి చూసిన." అవ్వ ఏడుస్తుందనుకున్నాను గానీ ఏడవలేదు. ఒక బుట్ట దగ్గరికి లాక్కుని పుచ్చులు ఏరడం మొదలుపెట్టింది. తల్లీకూతుళ్ళు కలిసి ఆ బుట్ట నింపారు. నిండాక అత్త నా వైపు తిరిగి, "పరీచ్చలెప్పుడే?" అని అడిగింది. ఎల్లుండి అన్నాను. "మరి ఈడేం జేస్తున్నవ్? పోయి సదువుకో" అంది.

నేనిప్పుడు ప్రభుత్వ బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. కండ్లకోయ రోడ్డు మీద పొద్దున కాలేజీ బస్సుల్లోంచి దిగే ఆడపిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఎంత ధీమాగా నడుస్తారో. మా బడికి కూడా ఆరోగ్య కార్యకర్త వస్తుంది, బొమ్మలు చూపించి చెబుతుంది, పిల్లలకు ప్యాడ్లిస్తారు. మా కాలంతో పోలిస్తే ఇది వేరే లోకం. కానీ మందుల షాపు అబ్బాయి ఇప్పటికీ ఆ ప్యాకెట్టును పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, అటు చూస్తూ చేతికిస్తాడు. బస్టాపు గోడ మీది రాతలు పోయాయనుకుంటే అవే మాటలు ఫోన్లోకి ఎక్కాయి, ఈసారి మంగళవారం దాకా ఆగనక్కర్లేదు. పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి గది ఖాళీ అయ్యాక నా దగ్గరికొచ్చి, "టీచర్, ఒంట్లో సత్తువంత గట్ల పోతదంట, నిజమేనా?" అని అడిగింది. ఆ పిల్ల చేతిలో ఉన్న ఫోను నా జీతంలో సగం ఉంటుంది. చెప్పే మనిషి లేకపోతే ఎన్ని చేతిలో ఉన్నా ఒకటే అనిపించింది. కూర్చోబెట్టి అరగంట చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు తెలియకుండానే సిస్టరమ్మ మాటలే నా నోట్లోంచి వచ్చాయి. ఆమె రెండేళ్ళకే ఇల్లు మారి వెళ్ళిపోయింది. ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు. ఆమెకు నేను పడ్డ రుణం ఇలాగే తీర్చాలి కాబోలు.

ఆ ఏడు నేను పరీక్షలు రాసి పాసయ్యాను. హైస్కూల్లో చేర్పించడానికి నాయినకు తోటలో పని తెమలకపోతే సత్తెమ్మత్త వస్తానంది. అవ్వే ఆమెకు మంచి చీర తీసిచ్చి పంపింది. ఆఫీసు గదిలో కాగితాల పని అయ్యాక, ఇక పోదామా అని అడిగితే అత్త కదల్లేదు. "ఎనిమిదో తరగతి ఏదే?" అంది. వరండా చివర గది చూపించాను. సెలవులింకా ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. అత్త గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. బోర్డు చూసింది, కిటికీలు చూసింది, ఆడపిల్లల వైపు ముందు బెంచీలో కూర్చోబోయింది. పన్నెండు పదమూడేళ్ళ పిల్లల కోసం చేసిన బెంచీ అది. మోకాళ్ళు బల్లకు తగులుకున్నాయి, ఎంత ఒదిగినా సగం మనిషి బయటే ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన మా అత్త ఆ బల్ల మీద రెండు చేతులూ ఆనించి, నా వైపు చూసి నవ్వుతూ అంది.

"నేనిండ్ల పట్టనే పిల్లా."